నల్గొండ గచ్చు మీద నుంచి మంచు మీదికి: ఐస్ హాకీని వృత్తిగా కోరుకునే పిల్లల తల్లిదండ్రులకు

నల్గొండలో తెల్లవారుజామున పిల్లలకు చక్రాల స్కేటింగ్ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడిని నేను. ఈ మధ్య నా దగ్గరికి రెండు రకాల పెద్దవాళ్లు వస్తున్నారు. మొదటివారు, పిల్లవాడు ఫోన్‌లో ఐస్ హాకీ చూసి ఇదే ఆడతానని మంకుపట్టు పట్టాడని వేలు పట్టుకుని తీసుకొచ్చే తల్లిదండ్రులు. రెండోవారు మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల వైపు నుంచి ఫోన్ చేసే తాతలు, నాయనమ్మలు. వాళ్ల కొడుకో కూతురో కెనడాలోనో అమెరికాలోనో స్థిరపడి ఉంటారు, అక్కడ పుట్టిన మనవడు చీకటితోనే లేచి తనకన్నా పెద్ద సంచి మోసుకుంటూ ఆటకు పోతుంటాడు. “ఇది మన హాకీ కాదట సారూ, మంచు మీద ఆడేదట. దీని వెంట పడితే బతుకుదెరువు దొరుకుతదా?” అని వారు అడుగుతారు. ఈ ఇద్దరికీ తొలి మెట్టు ఒక్కటే అయినా పై మెట్లు వేరు, ఖర్చు వేరు, నిర్ణయం తీసుకోవలసిన వయసు కూడా వేరు. అందుకే ఏ వయసులో ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక నిజం చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో పూర్తి కొలతల ఐస్ హాకీ రింక్ (ఆడే మంచు మైదానం) లేదు. భారతదేశంలో పెరిగి, ఇక్కడే ఆట నేర్చుకుని, ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దదైన నేషనల్ హాకీ లీగ్‌లో ఆడినవారు ఇంతవరకు ఒక్కరు కూడా లేరు. ఈ మాట విని వెనక్కి తిరిగి వెళ్లిపోవలసిన పని లేదు గానీ, రెండేళ్లలో మీ వాడిని అమెరికా పంపిస్తామని ఎవరైనా అంటే మాత్రం ఆ మాటను అక్కడే పక్కన పెట్టండి.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక్కో జట్టు నుంచి ఒకసారికి ఆరుగురు మంచు మీద ఉంటారు. వారిలో ఒకరు గోలీ (గోల్‌కీపర్), ఇద్దరు రక్షకులు, ముగ్గురు దాడి చేసేవారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాని వెడల్పు 7.62 సెంటీమీటర్లు, మందం 2.54 సెంటీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. చిన్న తప్పుకు రెండు నిమిషాలు, పెద్ద తప్పుకు ఐదు నిమిషాలు బయట పెట్టెలో కూర్చోవాలి. తల్లిదండ్రులు తెలుసుకోవలసిన అసలు విషయం ఏమిటంటే, ఈ ఆటలో ఎవరూ ఏకధాటిగా ఆడరు. సుమారు నలభై ఐదు సెకన్లు ప్రాణం పెట్టి పరుగెత్తి, బెంచీ మీదికి వచ్చి ఊపిరి పీల్చుకుని, మళ్లీ దూకుతారు. కబడ్డీలో కూతకు వెళ్లి వచ్చిన పిల్లవాడికి ఈ లయ కొత్తగా అనిపించదు. అందుకే కబడ్డీ, ఖోఖో ఆడుతున్న పిల్లలను ఆ ఆటలు మానిపించవద్దని నేను ప్రతి తల్లికీ చెబుతాను. కనీసం పన్నెండేళ్ల వరకు పిల్లలు రెండు మూడు ఆటలు ఆడుతూనే ఉండాలి.

మొదలుపెట్టడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసు మంచిది. పదేళ్లకు వచ్చినా నేర్చుకోవచ్చు కానీ మరింత పట్టుదల కావాలి. కొత్తగా వచ్చినవారి చేతికి నేను మొదటి ఆరు నెలలు స్టిక్ ఇవ్వను. ఈ విషయంలో చాలామంది నాతో వాదిస్తారు, పిల్లలు ఏడుస్తారు కూడా. అయినా ఇవ్వను. స్టిక్ చేతికి రాగానే పిల్లవాడు దాన్ని ఊతకర్రగా వాడడం మొదలుపెడతాడు, నడుము వంగిపోతుంది, చూపు నేల మీదికి దిగుతుంది, ఒకసారి కుదిరిన ఆ అలవాటు తర్వాత ఎంత చెప్పినా పోదు. ఐస్ హాకీ అంటే చేతుల ఆట అనుకుంటారు గానీ, అది తొంభై పాళ్లు కాళ్ల ఆట.

మొదటి వారమంతా పడడం నేర్పాలి. వెనక్కి పడకుండా, మోకాళ్లు వంచి పక్కకు ఒరిగి, పిడికిళ్లు మూసుకుని పడాలి. పిడికిలి ఎందుకంటే, మంచు మీద పడినవాడి వేళ్ల మీదుగా వెనక వచ్చేవాడి బ్లేడు పోకూడదు. ఈ అలవాటు గచ్చు మీద ఉన్నప్పుడే రావాలి. తర్వాత నిలబడే తీరు: మోకాలు బొటనవేలి మీదికి వచ్చేంతగా వంగాలి, వీపు నిటారుగా ఉండాలి, తల పైకి ఉండాలి. ఈ భంగిమలో రెండు నిమిషాలు నిలిస్తే పెద్దవాళ్లకే తొడలు మండుతాయి. రోజూ పడుకునే ముందు గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు ఒక నిమిషం నిలబడమనండి. స్కేట్లు లేకపోయినా ఈ సాధన సాగుతుంది.

ఆ తర్వాత నేను గచ్చు మీద సుద్దతో పెద్ద వలయాలు గీస్తాను. పిల్లలు బయటి కాలిని లోపలి కాలి మీదుగా దాటిస్తూ ఆ వలయాల చుట్టూ తిరగాలి. దాదాపు ప్రతి పిల్లవాడికీ ఎడమవైపు తిరగడం సులువుగా ఉంటుంది, కుడివైపు తిరగమంటే కాలు మొండికేస్తుంది. నా దగ్గర ఒక ఎనిమిదేళ్ల అమ్మాయి ఉండేది. ఎడమవైపు గాలిలా తిరిగేది, కుడివైపు తిరగమంటే మాత్రం దాహమనో లేసు ఊడిందనో చెప్పి తప్పించుకునేది. ఎడమకు ఒకసారి తిరిగితే కుడికి రెండుసార్లు తిరగాలని ఆమెకు నియమం పెట్టాను. నాలుగు నెలలకు ఏ వైపు తిరగడం తనకు సులువో ఆమెకే గుర్తు లేకుండా పోయింది. ఎదురుగా వచ్చే రక్షకుడు మీ వాడి బలహీనమైన వైపును పది సెకన్లలో పసిగడతాడు కాబట్టి, ఈ లెక్కను చిన్నప్పుడే సరిచేయాలి.

ఇంట్లో చేయగల సాధన ఇంకా ఉంది. మన ఇళ్లలో తాండూరు నాపరాయి పరచిన వాకిలి ఉంటే, ఆ పిల్లవాడు అదృష్టవంతుడు. నునుపైన నాపబండను కాస్త తడిపితే పక్ దాని మీద బాగానే జారుతుంది. దండెం మీద పాత దుప్పటి వేలాడదీసి, ఐదారు మీటర్ల దూరం నుంచి రోజుకు యాభైసార్లు దుప్పటికి కొట్టమనండి. తర్వాత నేషనల్ హాకీ లీగ్‌లో పేరు మోసిన సిడ్నీ క్రాస్బీ చిన్నతనంలో కెనడాలోని కోల్ హార్బర్‌లో ఇంటి నేలమాళిగలో బట్టలు ఆరబెట్టే యంత్రానికి గురిపెట్టి పక్ కొట్టేవాడు, సొట్టలు పడ్డ ఆ యంత్రం తర్వాతి కాలంలో ప్రదర్శన వస్తువైంది. వేన్ గ్రెట్జ్‌కీ తండ్రి బ్రాంట్‌ఫర్డ్‌లో ఇంటి వెనక పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించి కొడుక్కి ఆట నేర్పాడు. ఆ కొడుకు నేషనల్ హాకీ లీగ్‌లో 894 గోల్స్‌తో నెలకొల్పిన రికార్డు 2025 ఏప్రిల్ 6న అలెగ్జాండర్ ఒవెచ్కిన్ దాటేవరకు చెక్కుచెదరలేదు. మనకు గడ్డకట్టే పెరడు లేకపోయినా నాపబండ ఉంది. చేతుల నైపుణ్యానికి అది చాలు.

సామాన్ల విషయంలో తొందరపడి డబ్బు పోగొట్టుకోవద్దు. మొదటి ఏడాదికి ఇన్‌లైన్ స్కేట్లు (చక్రాలు ఒకే వరసలో ఉండేవి), హెల్మెట్, మోకాలు, మోచేయి, మణికట్టు గార్డులు చాలు. కాళ్లు పెరుగుతాయని రెండు సైజులు పెద్ద స్కేట్లు కొనడం మన ఇళ్లలో మామూలే గానీ, వదులు స్కేటులో మడమ కదిలి చీలమండ లోపలికి వాలిపోతుంది, నేర్చుకున్నదంతా వంకరగా నేర్చుకుంటాడు. పెద్ద పిల్లలు వదిలేసిన సరిపోయే స్కేట్లు తీసుకోవడం కొత్తవి పెద్దవి కొనడం కంటే మేలు. మంచు మీదికి వెళ్లే రోజు వచ్చాక భుజాల కవచం, దూది దట్టించిన లాగు, పిక్కల కవచం, చేతి తొడుగులు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, పళ్లకు తొడుగు, మెడ కవచం అన్నీ కావాలి. గోలీ సామాను ఖర్చు వీటికి ఎన్నో రెట్లు. మెడ కవచం గురించి గట్టిగా చెబుతున్నాను. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు మెడకు స్కేటు బ్లేడు తగిలి ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిటిలో మెడ కవచాన్ని తప్పనిసరి చేసింది. ఉక్కపోస్తోందని పిల్లవాడు విప్పేస్తే, ఆ రోజు ఆట నుంచి పక్కన కూర్చోబెట్టండి.

తొమ్మిది, పదేళ్లకు ఇన్‌లైన్ హాకీలోకి, అంటే ఆ చక్రాల స్కేట్ల మీద గచ్చుపై ఆడే హాకీలోకి రావచ్చు. ఇందులో గోలీతో కలిపి ఐదుగురు ఆడతారు, ఆఫ్‌సైడ్ (పక్ కన్నా ముందు ఎదుటి జట్టు భాగంలోకి వెళ్లకూడదన్న నియమం) ఉండదు, కావాలని శరీరంతో ఢీకొట్టకూడదు. చక్రాల స్కేటింగ్‌ను మన దేశంలో రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నడుపుతుంది. జిల్లా, రాష్ట్ర పోటీల మీదుగా జాతీయ పోటీలకు దారి అక్కడి నుంచే. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరం, కాబట్టి వారంలో ఐదు రోజులు ఇక్కడ సాధన చేసి ఆదివారం ఇందిరా పార్కు స్కేటింగ్ రింక్ వంటి చోటికి వెళ్లి బలమైన పిల్లలతో కలిసి సాధన చేయడం చాలా కుటుంబాలకు సాధ్యమే. మన గచ్చు మీద నుంచి ఎక్కడికి చేరవచ్చో తెలియాలంటే హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామాను గుర్తు చేసుకోండి. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో ఆయన 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్య పతకాలు సాధించారు, 2015లో అర్జున అవార్డు అందుకున్నారు. అది హాకీ కాదు, నిజమే, కానీ కాళ్ల చదువు ఒక్కటే.

గచ్చు మీద రెండు, మూడేళ్లు గట్టిగా ఆడాకే మంచు మీదికి తీసుకెళ్లాలి. అక్కడ పిల్లలను అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆగడం. ఐస్ స్కేటు బ్లేడు సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దాని అడుగున పొడవునా సన్నని గాడి చెక్కి ఉంటుంది, దానివల్ల ఒకే బ్లేడుకు లోపలి అంచు, బయటి అంచు అని రెండు అంచులు ఏర్పడతాయి. ఆగాలంటే రెండు పాదాలను ఒక్కసారిగా అడ్డంగా తిప్పి, ఆ అంచులతో మంచును పలచగా గీకాలి. గచ్చు మీద చక్రాలతో ఆగడానికి అలవాటుపడిన పిల్లవాడు ఇక్కడ భయపడి బరువు వెనక్కి వేస్తాడు, దాంతో పడతాడు. గోడ పట్టుకుని ఒక పాదంతో మంచును తురిమినట్టు గీకించండి, తెల్లని పొడి కుప్పగా రావాలి. రెండు పాదాలతోనూ ఆ పొడి వచ్చాక గోడ వదిలించండి. బ్లేడుకు సాన పట్టించడం కూడా తల్లిదండ్రులు తెలుసుకోవలసిన పనే. సాన పట్టాక బ్లేడుకు అడ్డంగా ఒక నాణెం నిలిపి చూస్తే, అది ఏ వైపూ ఒరగకుండా ఉండాలి. ఒరిగితే ఒక అంచు ఎత్తుగా ఉన్నట్టు, ఆ స్కేటుతో పిల్లవాడు ఎంత చక్కగా ఆడినా ఒకవైపు జారుతూనే ఉంటాడు.

మంచు ఎక్కడ దొరుకుతుంది? గురుగ్రామ్‌లో ఒక మాల్‌లో చిన్న రింక్ ఉంది, భారత జట్టు ఆటగాళ్లు కూడా అక్కడ సాధన చేశారు. డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింక్ పూర్తి కొలతలది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం దాన్ని కట్టారు, తర్వాత చాలా ఏళ్లు మూతపడి ఉండి 2025లో మళ్లీ తెరుచుకుంది. వెళ్లే ముందు సమయాలు, రుసుము ఫోన్ చేసి కనుక్కోండి. రెండు రోజుల కోసం వెళ్లి రావడం దండగ. మొదటి మూడు రోజులు పిల్లవాడు పడడంలోనే గడుస్తాయి, కాబట్టి వేసవి సెలవుల్లో కనీసం పది, పదిహేను రోజులు ఉండేలా ఏర్పాటు చేసుకోండి.

లేహ్ సంగతి వేరు. అక్కడ ఐస్ హాకీ అంటే చలికాలపు పండుగ. డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు చెరువులు గడ్డకడతాయి, రాత్రిపూట మైదానాల్లోకి నీళ్లు వదిలి మనం నాట్లకు మడి కట్టినట్టే నింపి గడ్డకట్టిస్తారు, తెల్లారేసరికి పిల్లలు దాని మీద ఉంటారు. లేహ్ సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానం దిగిన పిల్లవాడిని మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతిగా ఉంచాలి, నీళ్లు ఎక్కువగా తాగించాలి, తలనొప్పి, వాంతులు, నిద్రలో ఊపిరి అందకపోవడం వంటివి కనిపిస్తే వైద్యుడికి చూపించాలి. మూడో రోజు కూడా గచ్చు మీద ఆడినంత సేపు ఆడనివ్వకండి. అక్కడి పిల్లలు మన పిల్లలను ఆటలో సులువుగా ఓడిస్తారు. అందులో చిన్నతనం ఏమీ లేదు, వాళ్లు నడక నేర్చుకున్న నేలే మంచు. ఓడిపోయిన సాయంత్రం మన పిల్లవాడు వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ మలుపు ఎలా తిరిగారో అడిగి నేర్చుకుంటే, ఆ ప్రయాణం ఖర్చు తీరినట్టే.

ఇక్కడ నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ జాతీయ ఎంపిక శిబిరం పేరుతో ప్రకటన ఇస్తే, నమ్మి ఆరుగురు పిల్లలను తీసుకెళ్లాను. వారిలో ఒకరి తల్లి మేకలు అమ్మి డబ్బు కట్టింది. నాలుగు రోజుల ఆట తర్వాత రంగురంగుల సర్టిఫికెట్లు ఇచ్చారు. తర్వాత తెలిసింది, ఆ సంస్థకు గుర్తింపు పొందిన ఏ సమాఖ్యతోనూ సంబంధం లేదు, ఆ కాగితం ఏ కార్యాలయంలోనూ చెల్లదు. ఆ తల్లి ముఖం చూసి మాట్లాడడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పటి నుంచి ఒక్క రూపాయి కట్టే ముందు కూడా, ఐస్ హాకీ అయితే ఐస్ హాకీ అసోసియేషన్ ఆఫ్ ఇండియాతో, చక్రాల ఆటలైతే రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్‌తో నేరుగా మాట్లాడి ఆ పోటీకి వారి అనుమతి ఉందో లేదో కనుక్కుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

సర్టిఫికెట్‌కు ఇంత విలువ ఎందుకంటే, మన దేశంలో ఏడాది పొడవునా జీతమిచ్చే ఐస్ హాకీ లీగ్ లేదు. ఇక్కడ ఆటగాడి జీవనం ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా జాబితాలో ఐస్ హాకీ, ఐస్ స్కేటింగ్, రోలర్ స్కేటింగ్ ఉన్నాయి. అంతర్జాతీయ స్థాయిలో ఆడినవారికి ఫారం-1, జాతీయ స్థాయికి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం-4 అధికారికంగా ఇప్పించుకోవాలి. పోటీ ముగిసిన నెలలోనే అడిగి తీసుకోండి, ఐదేళ్ల తర్వాత సంతకం పెట్టేవారు దొరకరు. రాష్ట్ర ప్రభుత్వ కోటాకు ఆటల జాబితా వేరుగా ఉంటుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని విడిగా చూసుకోవాలి. ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళానికి, సైన్యానికి సొంత ఐస్ హాకీ జట్లు ఉన్నాయి, జాతీయ పోటీల్లో బలమైనవి అవే. జీతం తీసుకుంటూ ఈ ఆట ఆడాలనుకునే యువకుడికి మన దేశంలో అన్నిటికన్నా గట్టి దారి ఇదేనని నా అభిప్రాయం.

భారత జట్టు ప్రయాణం కూడా ఇంకా కొత్తదే. మన సంఘం 1989లో అంతర్జాతీయ సమాఖ్యలో చేరినా పురుషుల జట్టు తొలి అంతర్జాతీయ పోటీ ఆడింది 2009లో, అబుదాబిలో. మహిళల జట్టు 2016లో మొదలై, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3తో తొలి గెలుపు అందుకుంది. 2025లో ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. ఎనిమిదేళ్లలో తొలి గెలుపు నుంచి పతకం దాకా వచ్చిన ఆ అమ్మాయిల్లో అత్యధికులు లద్దాఖ్ వారు, సొంత రింక్ లేని రోజుల నుంచి ఆడుతూ వచ్చినవారు. మన జిల్లాల నుంచి జాతీయ జట్టును లక్ష్యంగా పెట్టుకోవాలంటే అబ్బాయిల కంటే అమ్మాయిలకే దారి కాస్త దగ్గరని నేను నమ్ముతున్నాను. అయినా నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఇద్దరే అమ్మాయిలు. మోకాలికి దెబ్బ తగిలితే రేపు పెళ్లి ఎలా అని ఆగిపోయే ఇళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు విదేశాల్లో మనవళ్లు ఉన్నవారి సంగతి. అక్కడ మెట్లు స్పష్టంగా ఉంటాయి, ఆ మెట్లకు వయసులు కూడా నిర్ణయమై ఉంటాయి. పదమూడు, పద్నాలుగేళ్ల వరకు శరీరంతో ఢీకొట్టడానికి అనుమతి ఉండదు, తర్వాత ఉంటుంది. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు ఆ ఏడాదే చాలామంది మానేస్తారు, కాబట్టి ఆ వయసులో ఇంటి ఓదార్పు కావాలి. పదహారు నుంచి ఇరవై ఏళ్ల మధ్య కెనడాలో మూడు పెద్ద జూనియర్ లీగ్‌లు ఉన్నాయి. ఎంపికైన పిల్లవాడు తల్లిదండ్రులను వదిలి వేరే ఊళ్లో, జట్టు చూపించిన ఆతిథ్య కుటుంబంతో ఉండాలి. మన పిల్లలు గురుకుల హాస్టల్‌లో చేరినట్టే అనుకోండి, కాకపోతే అది పరాయి ఇల్లు. అక్కడ ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక ఏడాది పైచదువు ఫీజు భరించే పద్ధతి ఉంది. ఒకప్పుడు ఆ లీగ్‌లలో ఆడితే అమెరికా విశ్వవిద్యాలయ జట్లకు అర్హత పోయేది. 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డు తొలగింది, ఇక ఆటా, చదువా అన్న పాత తర్జనభర్జన చాలావరకు తగ్గింది. చదువు విలువ తెలిసిన మన కుటుంబాలకు ఇది నిజంగా మంచి మార్పు.

పద్దెనిమిదేళ్లకు నేషనల్ హాకీ లీగ్ డ్రాఫ్ట్ జరుగుతుంది. 32 జట్లు ఏడు విడతల్లో 224 మందిని ఎంచుకుంటాయి. ఎంపికైనవారిలో చాలామంది ముందు కింది స్థాయి అమెరికన్ హాకీ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడతారు, కొందరు పైకి ఎప్పటికీ రారు. ఎంపిక కాకపోతే అంతా అయిపోయినట్టు కాదనడానికి అర్ష్‌దీప్ బైన్స్ ఉదాహరణ. కెనడాలోని సర్రీలో పెరిగిన ఈ పంజాబీ యువకుడిని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో ఆ మూడు జూనియర్ లీగ్‌లలో ఒకటైన వెస్టర్న్ హాకీ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు సాధించి, వాంకూవర్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకుని, 2024లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. అంతకు ముందే 1989లో రాబిన్ బావా ఆ లీగ్‌లో ఆడిన తొలి భారతీయ మూలాల ఆటగాడయ్యాడు, 1998లో మానీ మల్హోత్రా ఏడో స్థానంలో డ్రాఫ్ట్ అయ్యాడు. పెద్ద లీగ్ కుదరనివారికి స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్ లీగ్‌లలో గౌరవమైన జీతాలు ఉన్నాయి. అమ్మాయిలకు 2024 జనవరిలో మొదలైన వృత్తి లీగ్ ఉంది, అక్కడ తొలి సీజన్‌లో కనీస జీతం 35,000 డాలర్లు.

పురుషుల లీగ్‌లో 2025-26 వరకు కనీస జీతం 7,75,000 డాలర్లు. ఈ అంకె వినగానే తాతలు గుండె మీద చేయి వేసుకుంటారు. అందులోంచి పన్నులు, ఏజెంటు వాటా పోతాయి, సగటు ఆటగాడి కాలం ఐదేళ్ల లోపే. ముప్పై ఏళ్లకు ఆట ముగిసినవాడికి ఇంకా ముప్పై ఏళ్ల పని జీవితం మిగిలి ఉంటుంది. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వెలుగు చూడలేకపోయినా, మాట తడబడినా ఆ రోజే ఆపాలి, వైద్యుడు ఒప్పుకునేవరకు మళ్లీ దిగకూడదు. ఓర్చుకో అని చెప్పే కోచ్ దగ్గర మీ పిల్లవాడిని ఉంచకండి.

ఆటగాడు కాలేకపోయినా ఈ ఆటలో ఉండిపోయే పనులు ఉన్నాయి: రిఫరీ, కోచ్, ఫిజియోథెరపిస్టు, సాన పట్టేవాడు. వీటిలో నాకు ఇష్టమైనది మంచు చేసే పని. సిమెంటు పలక కింద గొట్టాల్లో గడ్డకట్టని చల్లని ఉప్పునీరు ప్రవహిస్తుంది, దాని మీద పలచగా నీళ్లు పొరలుపొరలుగా చల్లి మంచు కడతారు, ఉష్ణోగ్రతను మైనస్ నాలుగు, ఐదు డిగ్రీల దగ్గర నిలుపుతారు. ఆట మధ్యలో నునుపు చేసే యంత్రాన్ని 1949లో ఫ్రాంక్ జాంబోనీ తయారుచేశాడు. అది చల్లేది చన్నీళ్లు కాదు, వేడినీళ్లు. వేడినీరు పైపొరను కరిగించి కింది మంచుతో కలిసిపోతుంది, గాలి బుడగలు తక్కువగా ఉండి మంచు గట్టిగా, తేటగా వస్తుంది. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ కోర్సు చదివిన కుర్రాడికి ఇందులో సగం ముందే తెలుసు. దేశంలో రింకులు పెరుగుతున్నకొద్దీ ఇలాంటివారు కావలసి వస్తుంది.

మొదటి రోజు మా దగ్గరికి గానీ, మీ ఊళ్లో స్కేటింగ్ నేర్పే ఎవరి దగ్గరికి గానీ వచ్చేటప్పుడు పిల్లవాడికి బిగుతుగా ఉండే పొడవాటి మేజోళ్లు తొడగండి, మడతలు పడితే బొబ్బలు వస్తాయి. రాత్రి తిన్న జొన్న రొట్టె అరిగి ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు ఒక అరటిపండు చాలు, పాలు వద్దు. లేసులు వేళ్ల దగ్గర వదులుగా, పాదం మధ్యలో బిగుతుగా, చీలమండ దగ్గర మోకాలు ముందుకు వంగేంత చోటు మిగిలేలా మీరే కట్టండి, మూడో వారం నుంచి వాడినే కట్టుకోనివ్వండి. హెల్మెట్ పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. సుద్ద ముక్క ఒకటి జేబులో పెట్టుకు రండి, నా దగ్గరున్నవి ఎప్పుడూ అయిపోతుంటాయి.